బయోడీజిల్ కలిపిన ఆయిల్ వేశాక పొగ గొట్టం ఎలా చూసుకోవాలి

నేను ఓడలో సెకండ్ ఇంజనీర్‌ని. సింగపూర్‌లో మొదటిసారి బీ24 ఎక్కించుకున్నాం. అంటే 24 శాతం బయోడీజిల్, మిగతాది గంధకం తక్కువున్న ఫ్యూయల్ ఆయిల్.

పొగ కంటే ముందు ఫిల్టర్ల సంగతి చూడండి. బయోడీజిల్ ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిని కరిగించి లాక్కొస్తుంది, అది ఫిల్టర్‌లో అడ్డుపడితే ప్రెషర్ తేడా పెరుగుతుంది. మొదటి రెండు రోజులూ ఫిల్టర్‌కు అటూ ఇటూ ప్రెషర్ తేడా గంటకోసారి రాసుకోండి. మేం బద్ధకించాం, అర్ధరాత్రి అలారం మోగింది. టీ చల్లారిపోయింది.

తర్వాత లోడు నిలకడగా ఉన్నప్పుడు ఒక్కో సిలిండర్ ఎగ్జాస్ట్ టెంపరేచర్ రాసి, పాత ఆయిల్‌తో అదే లోడులో రాసిన అంకెల పక్కన పెట్టండి. ఒక్కటే పెరిగితే ముందు ఆ సిలిండర్‌లోకి ఆయిల్ చిమ్మే ఇంజెక్టర్ విప్పండి. అన్నీ పెరిగితే గాలి చాలట్లేదేమో, ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బోచార్జర్, ఆ గాలిని చల్లబరిచే ఎయిర్ కూలర్ చూడండి.

నల్ల పొగంటే ఆయిల్ సరిగా కాలట్లేదు, నీలం పొగంటే లూబ్ ఆయిల్ (ఇంజిన్ భాగాలు అరగకుండా వేసే నూనె) కాలుతోంది. బయోడీజిల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మసి మామూలుగా తగ్గుతుంది. అది చూసి మురిసిపోకండి. నైట్రోజన్ ఆక్సైడ్లు మామూలుగా కంటికి కనబడవు, ఒక్కోసారి కాస్త పెరుగుతాయి కూడా. వాటికి గ్యాస్ అనలైజర్ పెట్టాల్సిందే.

చివరగా, ఆయిల్ ఎక్కించుకున్నప్పుడు తీసి సీలు వేసిన శాంపిల్ సీసాను కనీసం 12 నెలలు దాచండి.