ముంగారుకు ముందే డ్రైవర్ కోడ్‌లో స్పేసులు, న్యూలైన్లు చూసుకోండి

ముంగారు వానలు పట్టుకున్నాక ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడి చేలల్లోకి మోటార్‌సైకిల్ కూడా పోదు. చీనీ తోటలో స్టార్టర్ డబ్బా పక్కన బిగించిన లినక్స్ బోర్డులో డ్రైవర్ (పరికరాన్ని నడిపే కోడ్) తప్పుందని అప్పుడు తెలిస్తే నేల ఆరేదాకా ఆగాల్సిందే. మోటారు కంట్రోలర్లు చేస్తున్న అనంతపురం, కర్నూలు, కడప కాలేజీ పిల్లలైనా, చిన్న షాపుల్లో బోర్డులు కట్టేవాళ్లయినా బోర్డు చేనికి పోకముందే ఒకటి చూసుకోవాలి. యూజర్ రాసిన స్ట్రింగ్‌తో (అక్షరాల వరసతో) పాటు కెర్నల్‌లోకి, అంటే లినక్స్ గుండెలోకి వచ్చే, కంటికి కనబడని స్పేస్, న్యూలైన్ (లైన్ ముగింపు గుర్తు) లాంటి అక్షరాలు. పిన్ నంబరు తప్పితే మొదటిరోజే బయటపడుతుంది. ఇది అలా కాదు. మీ బల్ల మీద నెలంతా బాగానే నడిచి, వేరే మనిషి వేరేలా టైపు చేసిన రోజు చెడుతుంది.

మొదట ఎకో కమాండ్ ఏం పంపుతుందో తెలుసుకోండి. సిస్‌ఎఫ్‌ఎస్ (డ్రైవర్ సెట్టింగులను ఫైళ్లుగా చూపే చోటు) ఫైల్లోకి ఎకోతో 1 రాస్తే, ఆ రాతను అందుకునే మీ స్టోర్ ఫంక్షన్‌కు చేరేవి రెండు బైట్లు: 49, 10. అంకె ఒకటి, దాని వెనక న్యూలైన్. ప్రింట్‌ఎఫ్‌తో రాస్తే 49 ఒక్కటే వస్తుంది. పైథాన్ స్క్రిప్టు అయితే అది రాసినవాళ్ల ఇష్టం. కాబట్టి డ్రైవర్ రెండు రకాలనూ ఒప్పుకోవాలి. రెండు స్ట్రింగ్‌లు పోల్చడానికి మామూలు స్ట్ర్‌సీఎంపీ ఫంక్షన్ వాడితే ఎకో పంపిన మాట ఎన్నటికీ కలవదు. సిస్‌ఎఫ్‌ఎస్ స్ట్ర్‌ఈక్యూ వాడండి, చివర ఒక న్యూలైన్ ఉన్నా లేకున్నా ఒకటిగానే చూస్తుంది. స్ట్రింగ్ రకం మాడ్యూల్ పారామీటర్ల (డ్రైవర్‌కు ఇచ్చే సెట్టింగుల) దగ్గర ఇంకా జాగ్రత్త. వాటిని సిస్‌ఎఫ్‌ఎస్ నుంచి మారిస్తే కెర్నల్ న్యూలైన్‌తో సహా దాచిపెట్టుకుంటుంది, మీకోసం ఎవరూ కోయరు.

అంకెల స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చడానికి కేస్ట్ర్‌టుఇంట్ కుటుంబం చాలు. చివర ఒక్క న్యూలైన్‌ను మన్నిస్తుంది, అంతే. ముందు స్పేస్ ఉన్నా, వెనక స్పేస్ ఉన్నా, న్యూలైన్లు రెండున్నా మైనస్ 22, అంటే ఈఇన్‌వాల్ (చెల్లని ఇన్‌పుట్ అనే ఎర్రర్). సంఖ్య పట్టకపోతే మైనస్ 34. తప్పు వచ్చినప్పుడు మీరిచ్చిన వేరియబుల్‌ను అది ముట్టుకోదు. రిటర్న్ చూడకుండా వాడుకుంటే స్టాక్‌లో ఉన్న చెత్తే మోటారు టైమర్ అవుతుంది. బేస్ (ఎన్ని అంకెల పద్ధతో చెప్పేది) దగ్గర 0 ఇస్తే 010 అని రాసింది ఎనిమిది అంకెల పద్ధతిలో 8 కింద లెక్క, పది నిమిషాలు తిరగాల్సిన మోటారు ఎనిమిదికే ఆగుతుంది. మనుషులు రాసే ఫైలుకు 10 ఇవ్వండి. పాత సింపుల్ స్ట్ర్‌టుఎల్ జోలికి పోకండి. అంకె తర్వాత ఏముందో దానికి పట్టదు, సంఖ్య పొంగిపోయినా చెప్పదు. ఇక ఆన్, ఆఫ్ చదివే కేస్ట్ర్‌టుబూల్ మొదటి ఒకటి రెండు అక్షరాలే చూస్తుంది. ముందు స్పేస్ పడితే 22 అంటుంది గానీ, నిమిషాల ఫైలనుకుని ఎవరైనా 10 రాస్తే దానికది ‘ఆన్’.

ఎక్కువమంది కాళ్లు ఇరుక్కునేది న్యూలైన్‌ను చేత్తో కోసే దగ్గర. స్ట్రింగ్ పొడవు తీసుకుని, అందులోంచి ఒకటి తీసేసి, ఆ స్థానంలో న్యూలైన్ ఉంటే సున్నా పెట్టే రెండు లైన్ల కోడ్ ప్రతి ల్యాబ్ రికార్డులోనూ ఉంటుంది. పొడవే సున్నా అయితే? సున్నాలోంచి ఒకటి తీస్తే బఫర్‌కు ముందున్న బైటును చదువుతారు, అక్కడ ఖర్మకాలి 10 ఉంటే వేరొకరి మెమరీలో సున్నా రాస్తారు. సిస్‌ఎఫ్‌ఎస్ ఖాళీ రైట్‌ను మీదాకా రానివ్వదు కదా అనుకోవద్దు. యూజర్ ఒకే ఒక్క నల్ బైటు (స్ట్రింగ్ ముగింపు చెప్పే 0) పంపితే కౌంట్ (వచ్చిన బైట్ల లెక్క) 1 ఉంటుంది, స్ట్ర్‌లెన్ చెప్పే స్ట్రింగ్ పొడవు మాత్రం 0. సిస్‌ఎఫ్‌ఎస్ లాంటివే అయిన డీబగ్‌ఎఫ్‌ఎస్, ప్రోక్ ఫైళ్లలో అయితే కౌంటే సున్నాగా రావచ్చు. పైగా అక్కడ మీ చేతికొచ్చేది యూజర్ పాయింటర్, అంటే యూజర్ ప్రోగ్రాం మెమరీ చిరునామా. అక్కడి బైట్లను తెచ్చే కాపీ ఫ్రమ్ యూజర్ చివర నల్ పెట్టదు, నల్ లేని బఫర్‌ను స్ట్రింగ్ ఫంక్షన్లకు ఇస్తే పక్క మెమరీలోకి నడుచుకుంటూ పోతాయి. ముందు కౌంట్‌కు హద్దు పెట్టండి (టైమర్ విలువకు 32 బైట్లు ధారాళం), ఆ తర్వాత మెమ్‌డప్ యూజర్ నల్‌తో తెచ్చుకోండి.

రిటర్న్ విలువ సంగతి కూడా ఇక్కడే. స్టోర్ ఫంక్షన్ తనకొచ్చిన కౌంట్‌నే తిరిగివ్వాలి, కోసిన తర్వాతి పొడవును కాదు. రెండు బైట్లు వస్తే ఒకటని తిరిగిచ్చారనుకోండి, షెల్ మిగిలిన ఒక్క న్యూలైన్‌ను మళ్లీ రాస్తుంది. మీ ఫంక్షన్ రెండోసారి లేస్తుంది, అందులో అంకె లేదు, 22. విలువ మారింది, యూజర్‌కు మాత్రం ఎర్రర్ కనబడింది! సున్నా తిరిగిస్తే ఇంకా ఘోరం, అదే రైట్ మళ్లీ మళ్లీ జరుగుతూ టెర్మినల్ వేలాడిపోతుంది.

స్పేసులు నిజంగా కోయాల్సి వస్తే స్ట్రిమ్ ఉంది. అది వెనక స్పేసుల దగ్గర సున్నా రాస్తుంది, ముందు స్పేసులు దాటించిన కొత్త పాయింటర్ ఇస్తుంది. సిస్‌ఎఫ్‌ఎస్ ఇచ్చే బఫర్ కాన్స్ట్, అంటే మార్చకూడనిది. కాస్ట్ చేసి రాయడం దొంగదారి, కేస్ట్ర్‌డప్‌తో కాపీ తీసుకోండి. ఆ కాపీ పాయింటర్‌లోనే స్ట్రిమ్ జవాబును పెట్టుకుని, చివర దాన్నే కేఫ్రీ చేస్తే (ఆ మెమరీని వదిలేస్తే) ముందు ఒక్క స్పేస్ ఉన్న రోజున కేఫ్రీకి పోయేది కేటాయించిన చిరునామా కాదు, ఒక బైటు పక్కది. స్పేస్ లేని అన్ని రోజులూ బాగానే ఉంటుంది, అదే దీని విషం. రెండు పాయింటర్లు పెట్టుకోండి, ఒకటి చదవడానికి, ఒకటి వదలడానికి. స్ట్ర్‌సెప్‌తో ముక్కలు చేసినా ఇదే నియమం. దాంట్లో ఇంకో తిరకాసు కూడా ఉంది. వరుసగా రెండు స్పేసులుంటే మధ్యలో ఖాళీ ముక్క ఒకటి ఇస్తుంది, దాన్ని దాటవేయకపోతే మూడో ఆర్గ్యుమెంట్ నాలుగోది అవుతుంది.

తెలుగువాళ్లం కాబట్టి మనకే తగిలే దెబ్బ ఒకటుంది. స్పేసా కాదా అని చెప్పే కెర్నల్ ఈజ్‌స్పేస్ ఒక్కో బైటును విడిగా పట్టికలో చూస్తుంది. 9 నుంచి 13 దాకా, 32, వాటితో పాటు 160 కూడా అందులో స్పేసే, పాత లాటిన్ కోడ్‌లో అది విరగని స్పేస్ కాబట్టి. తెలుగును బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘ఠ’ అక్షరం మూడు బైట్లు: 224, 176, 160. చూశారా చివరిది? తోట పేరును ‘పీఠ’ అని ముగిసేలా లేబుల్‌గా రాసి స్ట్రిమ్‌కు ఇస్తే ఆఖరి బైటు ఎగిరిపోతుంది, తిరిగి చదివితే చివర చెత్త గుర్తు కనబడుతుంది. స్పేస్ దగ్గర విడగొట్టే కోడ్ అయితే ‘పాఠం’ అన్న మాట నడుమనే రెండు ముక్కలవుతుంది. తెలుగు లేబుల్ వచ్చే చోట ఈజ్‌స్పేస్, స్ట్రిమ్, స్కిప్ స్పేసెస్ మూడింటినీ పక్కనబెట్టి 32, 9, 10 మాత్రమే చూసే మూడు లైన్ల ఫంక్షన్ సొంతంగా రాసుకోండి. ‘ఠ’తో ఒక టెస్టు ఉంచండి.

వాట్సాప్‌లోనో పీడీఎఫ్‌లోనో వచ్చిన కమాండ్‌ను కాపీ చేసి అతికించేవాళ్లు మన దగ్గర ఎక్కువ. విరగని స్పేస్ 194, 160గా వస్తుంది, స్ట్రిమ్ 160ని కోసి 194ను వదిలేస్తుంది. తెలుగు టైపింగ్‌లో పొల్లు నిలబెట్టడానికి వేసే జోడించని గుర్తు 226, 128, 140. దాన్ని ఎవరూ స్పేస్‌గా గుర్తించరు. అంకె పక్కన అది దాక్కుంటే స్క్రీన్ మీద 1 మాత్రమే కనబడుతుంది, డ్రైవర్ మాత్రం 22 అంటుంది. అప్పుడు డ్రైవర్‌ను అనుమానించకుండా ఆ లైన్‌ను ఓడీ కమాండ్‌లో పోసి బైట్లు చూడండి. విండోస్ నోట్‌ప్యాడ్ లైన్ చివర 13, 10 రెండూ పెడుతుంది, ఆ 13 కూడా ఇలాగే తిరస్కారం తెస్తుంది. స్క్రిప్టు మొదటి లైన్లో ఉంటే కెర్నల్ దాన్ని షెల్ పేరులో భాగమనుకుని, అలాంటి ఫైలు లేదని చెబుతుంది. అక్కడ కెర్నల్‌కు స్పేస్, ట్యాబ్ మాత్రమే ఖాళీలు.

కొన్నిచోట్ల స్పేసే సరుకు. వైఫై పేరు 32 బైట్ల దాకా ఏదైనా కావచ్చు, చివర స్పేస్ ఉన్నా చెల్లుతుంది. కోసి పెడితే ఆ రూటర్‌కు ఎన్నటికీ కలవరు. ఫైలు పేరులో స్లాష్, నల్ తప్ప అన్నీ చెల్లుతాయి, అందుకే ప్రోక్ మౌంట్స్ (తగిలించిన డిస్కుల జాబితా ఫైలు) స్పేస్‌ను బ్యాక్‌స్లాష్ 040గా, న్యూలైన్‌ను 012గా రాసి చూపిస్తుంది. మీరు పేర్లు ప్రింట్ చేసే ఫైళ్లలోనూ అలాగే చేయండి.

మా మాట అడిగితే, చివరి ఒక్క న్యూలైన్ తప్ప మిగతా అన్నిటినీ మొదటి వెర్షన్‌లో తిరస్కరించండి. ‘పాపం, ఒక స్పేసే కదా’ అని ఒకసారి ఒప్పుకుంటే ఎవరో ఒకరి స్క్రిప్టు దాని మీదే ఆధారపడుతుంది. యూజర్ ప్రోగ్రాములు విరగకూడదనేది లినక్స్‌లో గట్టి నియమం, తర్వాత బిగించలేరు. వదులు చేయడం మాత్రం ఎప్పుడైనా కుదురుతుంది.

బోర్డులు పంపే ముందు కాసాన్ (మెమరీ తప్పులు పట్టే కెర్నల్ సాధనం) ఆన్ చేసి కట్టిన కెర్నల్ మీద ఈ ఇన్‌పుట్లన్నీ తోయండి: ఒట్టి 1, న్యూలైన్‌తో 1, ముందు స్పేస్, వెనక స్పేస్, ఒట్టి న్యూలైన్, వెనక 13, 10 రెండూ ఉన్న 1, ఒక్క నల్ బైటు, నాలుగు వేల సున్నాలు, ‘ఠ’. ఫైల్లో ఉన్నదాన్ని చదివి అదే ఫైల్లోకి తిరిగి రాసినా ఎర్రర్ రాకూడదు. ఖాళీ రైట్‌ను షెల్ ప్రింట్‌ఎఫ్‌తో పరీక్షించామనుకుంటారు గానీ, ఖాళీ కోట్స్ ఇస్తే అది అసలు రైట్ పిలుపే చేయదు. ప్రోగ్రాం కెర్నల్‌కు చేసే పిలుపులను చూపే స్ట్రేస్ పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. దానికి పొడవు 0తో రైట్‌ను పిలిచే పది లైన్ల సీ ప్రోగ్రాం రాసి, టెస్టు ఫోల్డర్లోనే ఉంచండి.