పెన్‌డ్రైవ్‌లోకి మార్చాక పీపీటీలో వీడియో ఆడట్లేదా?

అమీర్‌పేటలోని మా ప్రాజెక్టు సెంటర్‌కి వైవా ముందురోజు వచ్చే పిల్లల్లో చాలామందికి ఇదే టెన్షన్. హాస్టల్ లాప్‌టాప్‌లో ఆడిన వీడియో ఇక్కడ ఆడదు. కంగారు పడకండి. వీడియోను పీపీటీలో కలపకుండా లింకుగా (అంటే ఫైలు ఉన్న చోటు మాత్రమే గుర్తుపెట్టుకునేలా) పెట్టి ఉంటే, పవర్‌పాయింట్ ఆ ఫైలును ఇంకా పాత చోటే వెతుకుతోంది, అంతే.

విండోస్‌లో అయితే ఫైల్ మెనూలో ఇన్ఫో తెరవండి. కుడివైపు కింద 'ఎడిట్ లింక్స్ టు ఫైల్స్' ఉంటుంది. లింకులే లేని పీపీటీలో అది కనపడదు. అది నొక్కితే లింకుల జాబితా, వాటి పాత దారులు వస్తాయి. చెడిన లింకు ఎంచుకుని, 'చేంజ్ సోర్స్' నొక్కి, ఫైలు ఇప్పుడున్న చోటు చూపించండి. ఎక్సెల్ చార్టయితే 'అప్‌డేట్ నౌ' కూడా నొక్కాలి.

వీడియో దొరికాక 'బ్రేక్ లింక్' నొక్కితే అది పీపీటీలోనే కలిసిపోతుంది. సైజు పెరుగుతుంది, పెరగనివ్వండి. వైవా రోజున అదే నయం. చార్టుకు మాత్రం ఆ బటన్ జోలికి పోవద్దు, ఎక్సెల్‌తో సంబంధం తెగిపోతుంది.

అక్షరాల మీద పెట్టిన హైపర్‌లింకులు ఈ జాబితాలో రావు. వాటిని రైట్ క్లిక్ చేసి 'ఎడిట్ లింక్'తో ఒక్కొక్కటే సరిచేసుకోవాలి.

ఈసారి నుంచి పీపీటీ, వీడియోలు, ఎక్సెల్ అన్నీ ముందే ఒకే ఫోల్డర్‌లో పెట్టి, ఆ తర్వాతే స్లైడ్లలో చేర్చండి. కాపీ చేసేటప్పుడు ఫోల్డర్ మొత్తం చేయండి.