ఇంగ్లిషు శీర్షికలో ఏ మాటకు పెద్దక్షరం?

తెలుగు లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం అన్న భేదమే లేదు కాబట్టి, ఇంగ్లిషు శీర్షిక రాయవలసి వచ్చినప్పుడు మనలో చాలామంది మాట పొడవును చూసి, పొట్టి మాటలన్నింటికీ చిన్నక్షరం పెట్టేస్తారు. నిజానికి ఆ మాట శీర్షికలో ఏ పని చేస్తోందో, అంటే ఏ భాషాభాగమో, ముందుగా తేల్చుకోవాలి.

మొదటి మాటకు, చివరి మాటకు అవి ఏవైనా సరే పెద్దక్షరం పెట్టండి. మధ్యలో నామవాచకం, సర్వనామం, క్రియ, విశేషణం, క్రియావిశేషణం అయిన ప్రతి మాటా పెద్దక్షరంతోనే మొదలవుతుంది. 'లైట్' అన్న మాట నామవాచకమో, క్రియో, విశేషణమో తేలకపోయినా బాధ లేదు, మూడింటికీ ఫలితం ఒక్కటే. 'ఎ', 'ద' వంటి ఆర్టికల్స్, 'అండ్', 'బట్' వంటి సముచ్చయాలు, నామవాచకానికి ముందు వచ్చే చిన్న ప్రిపొజిషన్లు మాత్రం చిన్నక్షరంతో ఉంటాయి.

తెలుగువారు ఎక్కువగా పొరబడేది 'ఈజ్' దగ్గర. 'ఇది పుస్తకం' అనడానికి మనకు క్రియ అక్కరలేదు, అందుకే 'దిస్ ఈజ్ ఎ బుక్' లోని 'ఈజ్' మనకు క్రియగా తోచదు. రెండక్షరాలదే అయినా అది పూర్తి క్రియ, దానికి పెద్దక్షరం తప్పనిసరి. 'బీ', 'వజ్' కూడా అంతే.

అసలు చిక్కు 'అప్', 'ఇన్', 'ఆన్' వంటి వాటితో వస్తుంది. 'లుక్ అప్ ద వర్డ్', 'వాక్ అప్ ద హిల్' అనే రెండింటిలోనూ 'అప్' ను నామవాచకం తరువాతకు జరిపి చూడండి. 'లుక్ ద వర్డ్ అప్' చక్కగా కుదురుతుంది. ఇక్కడ 'అప్' క్రియతో కలిసి 'నిఘంటువులో వెతుకు' అన్న ఒకే అర్థాన్నిచ్చే క్రియావిశేషణం కనుక పెద్దక్షరం. 'వాక్ ద హిల్ అప్' కుదరదు. 'కొండపైకి' అనడంలో మనం నామవాచకానికి వెనుక చేర్చేదాన్ని ఇంగ్లిషు ముందు ఉంచుతోంది, కనుక ఇది ప్రిపొజిషన్, దీనికి చిన్నక్షరం.

పొడవైన ప్రిపొజిషన్ల విషయంలో శైలులు వేరువేరు. నాలుగు, అంతకు మించిన అక్షరాలున్న మాటలన్నింటికీ పెద్దక్షరం పెట్టమంటుంది ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) శైలి. 2024లో వచ్చిన 'చికాగో మాన్యువల్ ఆఫ్ స్టైల్' అనే శైలి గ్రంథం 18వ కూర్పు ప్రిపొజిషన్లకు ఆ హద్దును అయిదు అక్షరాలుగా నిర్ణయించింది. రచనను ఎవరికి పంపుతున్నారో వారి శైలిని ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. ఉదాహరణకు 'వాక్ అప్ ద హిల్ విత్ మై బ్రదర్' అన్న శీర్షికలో 'వాక్', 'హిల్', 'మై', 'బ్రదర్' లకు పెద్దక్షరం, 'అప్', 'ద' లకు చిన్నక్షరం ఎక్కడైనా ఒకటే. నాలుగక్షరాల 'విత్' మాత్రం ఏపీఏలో పెద్దక్షరంతో, చికాగోలో చిన్నక్షరంతో ఉంటుంది.