నాలుగైదు నగరాలు కలిసి విపత్తు బీమా తీసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

తుపాను దాటిన మర్నాడు కార్పొరేషన్‌కి కావాల్సింది చేతిలో డబ్బు. కూలిన చెట్లు కోసే రంపాలకు, జనరేటర్లలో డీజిల్‌కి, నీళ్ల ట్యాంకర్లకు, పక్క ఊళ్ల నుంచి రప్పించిన పారిశుద్ధ్య కార్మికుల కూలికి, పునరావాస కేంద్రాల్లో భోజనాలకు ఆ వారంలోనే చెల్లించాలి, సరిగ్గా ఆ వారంలోనే పన్నుల వసూలు కూడా ఆగిపోతుంది. పైనుంచి బృందం వచ్చి చూసి, నివేదిక రాసి, సాయం మంజూరై ఖాతాలో పడేసరికి నెలలు గడుస్తాయి. ఆ మధ్య రోజులు గట్టెక్కడానికే నగరాలు కలిసి బీమా కట్టుకునే పద్ధతి వచ్చింది.

దీనికి చూడదగ్గ నమూనా ఫిలిప్పీన్స్‌ది. ఆసియా అభివృద్ధి బ్యాంకు, అక్కడి ఆర్థిక శాఖ కలిసి 2018లో పది నగరాలకు ఒక ఉమ్మడి నిధి, అంటే పూల్, డిజైన్ చేశాయి. టక్లోబాన్, దవావో, బాగియో, దగుపాన్, మరికినా లాంటివి అందులో ఉన్నాయి. నష్టం సర్వే కోసం ఆగే పని లేదు. గాలి వేగమో భూకంప తీవ్రతో ముందే రాసుకున్న హద్దు దాటితే 15 పనిదినాల్లో డబ్బు నగరానికి చేరాలన్నది లెక్క. ఆ డిజైన్‌ని పక్కన పెట్టుకుని, ఒక నగరం తరఫున మీరు ఈ పనికి దిగితే ఏం చేయాలో చెప్తాను.

ముందు ఒక భ్రమ వదిలించుకోండి. ఈ బీమాతో ఊరు తిరిగి కట్టలేం. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు, 2007లో మొదలైన కరీబియన్ దేశాల ఉమ్మడి నిధి రెండు వారాల్లోనే సుమారు 78 లక్షల డాలర్లు ఇచ్చింది. మొత్తం నష్టం దాదాపు 780 కోట్ల డాలర్లు. అంటే వెయ్యో వంతు. అయినా దాని పని అది చేసినట్టే, ఎందుకంటే అన్నిటికంటే ముందు చేతికందిన సొమ్ముల్లో అదొకటి. కౌన్సిల్‌లో ఈ సంగతి మొదటి రోజే చెప్పకపోతే, డబ్బు వచ్చిన రోజున కూడా "ఇంతేనా?" అని తిట్లు తింటారు.

అందుకని మొదటి లెక్క ఆస్తుల విలువతో వేయకండి, నగదుతో వేయండి. పాత తుపాను తాలూకు బిల్లులన్నీ బయటికి తీసి, మొదటి నెల రోజుల్లో ఏ రోజు ఎంత చెల్లించాల్సి వచ్చిందో రాయండి. ఊరికే ఒక ఉదాహరణ అనుకుందాం: నెలకి 40 కోట్లు కావాలి, అత్యవసర నిధిలో ఎప్పుడూ 8 కోట్లే ఉంటాయి. లోటు 32 కోట్లు. మీరు కొనాల్సింది ఈ 32 కోట్లకే. బీమా కంపెనీ ప్రతినిధి స్లైడ్లు చూపించి 200 కోట్ల కవర్ అంటాడు, మర్యాదగా టీ ఇచ్చి పంపండి.

తర్వాత, ఎన్నేళ్లకోసారి వచ్చే విపత్తుకి కొనాలి? ఇరవై ఏళ్లకోసారి అంటే ఈ ఏడు వచ్చింది కాబట్టి ఇంకో 19 ఏళ్లు నిశ్చింత అనుకునేరు, కాదు, ఏ ఏడాదైనా నూటికి ఐదు పాళ్లు వచ్చే అవకాశం ఉందని అర్థం. ఆ లెక్కన 32 కోట్ల కవర్‌కి అసలు ఖరీదు ఏడాదికి 1.6 కోట్లు, దాని మీద కంపెనీ ఖర్చులు, లాభం. అదే ఐదేళ్లకోసారి వచ్చే ముంపుకి కొంటే అసలు ఖరీదే 6.4 కోట్లు అవుతుంది. అలాంటి చిన్నవాటికి సొంత నిధే మేలు, లేదా ఆ డబ్బు పెట్టి కాలవలు బాగుచేయించండి.

ప్రీమియం ఏ పద్దు కింద కట్టాలన్నది చాలామంది చివరికి వదిలేసే ప్రశ్న, ఫైలు ఆగిపోయేది కూడా అక్కడే. ఫిలిప్పీన్స్‌లో దీనికి చట్టమే దారి చూపింది. 2010 నాటి విపత్తు చట్టం ప్రకారం ప్రతి స్థానిక ప్రభుత్వం తన రెగ్యులర్ ఆదాయం అంచనాలో కనీసం 5 శాతం విపత్తుల నిధికి తీసిపెట్టాలి, అందులో 30 శాతం తక్షణ సాయానికి, ఇంకా ఆ నిధిలోంచి విపత్తు బీమా ప్రీమియం కట్టొచ్చని చట్టంలోనే రాసి ఉంది. మన దగ్గర రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం, అయితే అది రాష్ట్రం చేతిలో ఉండే నిధి, కార్పొరేషన్‌ది కాదు. కాబట్టి ఇక్కడ ఎవరైనా మొదలుపెడితే ముందు మున్సిపల్ బడ్జెట్‌లో ఒక పద్దు తెరిపించుకోవాలి, ఆడిట్ వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. మొదటి మూడేళ్లు పైవాళ్లు ప్రీమియం కడతారంటే సంతోషమే, నాలుగో ఏడు ఎవరు కడతారో మాత్రం అప్పుడే రాయించుకోండి.

ఇక అసలు చిక్కు ట్రిగ్గర్ దగ్గర, అంటే ఏ కొలత ఎంత దాటితే డబ్బు రావాలని ముందే రాసుకున్న హద్దు దగ్గర. ఇక్కడ తొందరపడితే కట్టిన ప్రీమియమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఈ రకం బీమా మీకెంత నష్టం వచ్చిందని అడగదు, కొలత హద్దు దాటిందా లేదా అనే చూస్తుంది. మరికినా సంగతి చూడండి. 2009 సెప్టెంబరులో కెట్సానా తుపానుకి ఆ ఊరు మునిగింది వాననీళ్లతో, నది పొంగడంతో. గాలి వేగం మీద మాత్రమే రాసుకున్న పాలసీ ఉండుంటే ఆ ఊరికి పైసా వచ్చేది కాదేమో. టక్లోబాన్‌లో 2013 నవంబరు 8న హయాన్ గాలులు భయంకరమే, కానీ ఎక్కువ ప్రాణాలు తీసింది ఉప్పెన. అక్కడ గాలి ట్రిగ్గర్ పనిచేసేదే, ఎందుకంటే గాలీ ఉప్పెనా కలిసే వచ్చాయి. మన విశాఖకి 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ గాలి లెక్కకి బాగా సరిపోతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడకి అది పనికిరాదు. ఊళ్లో వర్షమాపకాన్ని ట్రిగ్గర్‌గా పెట్టుకున్నా, ఎగువ నుంచి గండ్లు పడి వచ్చిన బుడమేరు నీళ్లు దానికేం తెలుస్తాయి?

జమైకా అనుభవం ఇంకా స్పష్టంగా ఉంటుంది. అది పూల్ కాదు, ఆ దేశం ప్రపంచ బ్యాంకు ద్వారా విడిగా తీసుకున్న 15 కోట్ల డాలర్ల విపత్తు బాండ్, అంటే హద్దు దాటితే మదుపరులు పెట్టిన సొమ్ము దేశానికి వెళ్లే ఏర్పాటు, కానీ ట్రిగ్గర్ సూత్రం ఇదే. 2024లో బెరిల్ తుపాను దెబ్బ కొట్టినా, గాలి పీడనం బాండ్‌లో రాసినంతకు పడిపోలేదు కాబట్టి ఆ బాండ్ నుంచి ఏమీ రాలేదు. 2025 అక్టోబరులో మెలిసా వచ్చినప్పుడు మొత్తం 15 కోట్లూ వచ్చాయి.

కాబట్టి సంతకానికి ముందు ఒక పరీక్ష పెట్టండి. గత 30, 40 ఏళ్లలో మీ ఊరిని ఏడిపించిన ప్రతి విపత్తూ ఒక కాగితం మీద రాసి, ఈ పాలసీ అప్పుడే ఉండుంటే ఎప్పుడెప్పుడు డబ్బు వచ్చేది, ఎప్పుడు వచ్చేది కాదు అని కంపెనీ చేతే లెక్క కట్టించండి. ఊరంతా గుర్తుపెట్టుకున్న విపత్తుకి "రాదు" అని వస్తే ఆ ట్రిగ్గర్ మార్చాలి. కొలిచేది ఎవరు, ఏ స్టేషన్, తుపానులో ఆ పరికరమే పాడైతే ఎవరి అంకె చెల్లుతుంది, ఇవన్నీ ఒప్పందంలో ఉండాలి.

జట్టు కట్టడం గురించి. దీన్ని చిట్టీతో పోలుస్తుంటారు, పప్పులో కాలేసినట్టే. చిట్టీలో ఎప్పటికో అప్పటికి అందరి వంతూ వస్తుంది, ఇక్కడ పదేళ్లు కట్టినా మీ వంతు రాకపోవచ్చు, రాకూడదనే కోరుకోవాలి కూడా. అందరికీ ఒకే ఏడు దెబ్బ తగలదు కాబట్టి నిధిలో తక్కువ సొమ్ముతో పని జరుగుతుంది, రీఇన్సూరెన్స్, అంటే బీమా ఇచ్చేవాళ్లు తీసుకునే బీమా, టోకున కొనొచ్చు, లెక్కలు కట్టే నిపుణుల ఫీజు పంచుకోవచ్చు. చవక అయ్యేది అందుకే. మరి ఒకే దెబ్బకి పడిపోయే నగరాలు జట్టుకడితే? 1990 జులై 16 భూకంపం బాగియోనీ దగుపాన్‌నీ రెంటినీ కొట్టింది. మరికినా, కలోఓకాన్, పరన్యాకే మూడూ మెట్రో మనీలాలోనివే. పేరుకి పది నగరాలు, ప్రమాదం లెక్కలో పదికి తక్కువే. దక్షిణాన తుపాను దారికి చాలావరకు దూరంగా ఉండే దవావో లాంటి ఊరు ఆ జట్టుకి అందుకే విలువైనది.

మనకీ ఇదే పాఠం వర్తిస్తుంది. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండమే హైదరాబాద్‌ని ముంచింది. 2024లో విజయవాడ, ఖమ్మం ఒకే వానలకి మునిగాయి. తెలుగు నగరాలే కలిసి పూల్ పెట్టుకుంటే వినడానికి ముచ్చటగానే ఉంటుంది, లెక్కకి మాత్రం సూరత్ లాంటిదో గువాహటి లాంటిదో ఒకటి కలవాలి. ప్రీమియం కూడా ఎవరి ప్రమాదానికి తగ్గట్టు వాళ్లే కట్టాలి, అందరికీ సమానం అన్నారంటే తక్కువ ప్రమాదం ఉన్న ఊరు రెండో ఏడే తప్పుకుంటుంది.

చివరిది ఖర్చు ప్రణాళిక. ఆఫ్రికా దేశాల ఉమ్మడి నిధిలో బీమా తీసుకోవాలంటే, డబ్బు వస్తే ఎలా వాడతారో ముందే ప్రణాళిక రాసివ్వాలి. మీ పూల్ అడగకపోయినా మీరు రాసుకోండి: విడి బ్యాంకు ఖాతా, ముందే రేట్లు ఖరారు చేసుకున్న ట్యాంకర్, డీజిల్, జేసీబీ కాంట్రాక్టులు, టెండర్ లేకుండా ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చో కౌన్సిల్ తీర్మానం. చెక్కు మీద సంతకం పెట్టాల్సిన అధికారి ఆ రోజు ముంపులో చిక్కుకుంటే ఆయన బదులు ఎవరు పెట్టాలో, ఆ పేరు కూడా.