సుగర్రముర్దికి వెళ్తే ఇలా వెళ్లండి

స్పెయిన్‌లోని నవార్రాలో, ఫ్రాన్స్ సరిహద్దును ఆనుకుని ఉన్న బాస్క్ అనే స్థానిక జాతివాళ్ల చిన్న ఊరు ఇది. నవార్రా రాజధాని పాంప్లోనా నుంచి కారులో వెళ్లడమే మేలు. బస్తాన్ లోయ మీదుగా వెళ్లి ఒత్సొందో కనుమ దాటి దిగాలి, మలుపులు ఎక్కువ కాబట్టి కడుపులో తిప్పేవాళ్లు ముందు సీట్లో కూర్చోండి.

ముందు మంత్రగత్తెల మ్యూజియం, తర్వాతే గుహ. ఈ వరస మాత్రం మార్చొద్దు. 1610 నవంబర్‌లో లొగ్రోన్యో నగరంలో, క్రైస్తవ మత విచారణ కోర్టు తీర్పుతో, ఈ ఊరూ చుట్టుపక్కలవాళ్ల మీద ఈ గుహలో కూడే మంత్రగత్తెలన్న నింద మోపి ఆరుగురిని సజీవంగా తగలబెట్టారు, అప్పటికే జైల్లో చనిపోయిన ఐదుగురి బొమ్మల్నీ కాల్చారు. తర్వాత సలసార్ అనే ఆ కోర్టు విచారణాధికారే ఊరూరా తిరిగి, ఆ నిందలకు ఆధారాల్లేవని రాశాడు. ఇదంతా తెలిసి గుహలో నిలబడితే మనసు బరువెక్కుతుంది.

గుహలో బొమ్మలూ చెక్కడాలూ వెతక్కండి. అది పెద్ద సొరంగంలా ఉంటుంది, అడుగున 'నరకపు వాగు' పారుతూ ఉంటుంది, రాయిని తొలిచింది ఆ నీళ్లే. తడి రాళ్ల మీద చెప్పులు జారతాయి, పట్టున్న బూట్లు వేసుకోండి. ఆగస్టు 18న వెళ్తే ఊరంతా ఆ గుహలోనే కూర్చుని కాల్చిన గొర్రెమాంసం తింటారు.

ఓపికుంటే నీలి రంగు గుర్రం గుర్తులు పట్టుకుని ఫ్రాన్స్ వైపు సార ఊరి గుహల దాకా నడవండి. షెంగెన్ వీసా రెండు దేశాలకూ చెల్లుతుంది, అయినా పాస్‌పోర్ట్ జేబులో ఉంచుకోండి.