ఉరికే రైడర్‌ని నాకౌట్ మ్యాచ్‌లో కట్టడి చేయాలంటే

పోయిన సంక్రాంతి కాదు, అంతకుముందు సంక్రాంతికి నల్లగొండ జిల్లా హాలియా పక్కన ఒక ఊర్లో కబడ్డీ సెమీఫైనల్‌లో మమ్మల్ని ఒక్క పిలగాడు ఓడగొట్టాడు. బక్క మనిషి, గాలొస్తే కొట్టుకుపోయేటట్టున్నాడు. వాడు కూతకు వచ్చిన ప్రతిసారీ మేం ఏడుగురం పట్టేద్దామని మీదికి ఉరికాం, వాడేమో ఎవర్నో ఒకర్ని అలా తగిలి మేం తేరుకునేలోపు మధ్య గీత దాటేశాడు. రైట్ కార్నర్‌లో నేనే నాలుగుసార్లు ఔటయ్యా. ఆ రోజు నుంచి ఇదే పనిగా చూసి, ఆడి, దెబ్బలు తిని తెలుసుకున్నది రాస్తున్నా, ఈసారి జాతర టోర్నమెంట్లకు వెళ్లే పిలగాళ్లకు పనికొస్తుంది.

అన్నిటికన్నా ముందు, ఉరికే రైడర్‌ని, అంటే ఉరుకు మీద కూతకొచ్చేవాడిని, ఎదురు ఉరికి పట్టాలని చూడకండి. వాడికి చోటు లేకుండా చేయండి చాలు. వాడి దగ్గరున్నది 30 సెకన్లే. మధ్య గీత నుంచి 3.75 మీటర్ల దూరంలో ఉండే బాక్ లైన్ దాటకుండా వెనక్కి పోతే వాడే ఔట్, అంటే వాడు ఎలాగూ మీ దగ్గరికి రావాల్సిందే. మీరెందుకు ఎదురు పోవడం? మీరు ముందుకు ఉరికితే మీ వెనక ఖాళీ, మీ పక్కన ఖాళీ, వాడికి కావలసింది అదే. లీగ్ మ్యాచ్‌లో ఇలా రెండు మూడు పాయింట్లు పోయినా తర్వాత చూసుకోవచ్చు, నాకౌట్‌లో టెన్షన్‌తో ఒకడు ముందుకు దూకాడంటే వాడి వెనక ఇద్దరు దూకుతారు, అంతా ఆగమాగం. 2017 ప్రో కబడ్డీ ఎలిమినేటర్‌లో పట్నా పైరేట్స్ రైడర్ పర్‌దీప్ నర్వాల్ హర్యానా స్టీలర్స్ మీద 34 రైడ్ పాయింట్లు తీశాడు, ఒక కూతకైతే వాళ్ల టీమ్‌కి 8 వచ్చాయి. అంత పెద్ద డిఫెండర్లకే అట్లయితే మనమెంత.

మొదటి రెండు కూతలూ వాడిని చదవడానికే వాడుకోండి. చేతులు చూడొద్దు, మొహం అసలే చూడొద్దు, నడుం చూడండి. చేతులతో ఎన్ని దొంగ సైగలైనా చేస్తాడు గానీ నడుం తిరగకుండా ఎవడూ వెనక్కి పోలేడు. ఏ వైపు నుంచి వస్తున్నాడు, ఏ కాలు ముందు వేస్తున్నాడు, తిరిగేటప్పుడు ఎడమకు తిరుగుతాడా కుడికా. చాలామంది రైడర్లకు తిరగడంలో ఒకటే అలవాటు ఉంటుంది, టెన్షన్ ఎక్కువైనకొద్దీ ఆ అలవాటుకే పోతారు. బయట కూర్చున్న సబ్‌స్టిట్యూట్‌కి ఈ పని అప్పజెప్పండి, ఊరికే అరవడానికి కాకుండా.

నిలబడే తీరు మామూలుదే, రెండు వైపులా చివరన కార్నర్, వాడి పక్కన ఇన్, నడుమ ఇద్దరు కవర్లు, సెంటర్. జంటలు జంటలుగా చేతులు పట్టుకుని ఉండండి, కానీ అందరూ ఒకేసారి తల వంచి కూర్చున్నట్టు ఉండొద్దు, ఎగిరే రైడర్‌కి అది గోడ కాదు, మెట్టు. కవర్లు మోకాళ్లు మాత్రం వంచి నడుం నిటారుగా పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి, కార్నర్. వాడు మీ వైపు మొహం పెట్టి వస్తున్నంతసేపు మీ పని వెనక్కి జరగడమే, ఎండ్ లైన్ మీద కాలు పడకుండా. చూపు పక్కవాడి మీదికి మళ్లినప్పుడో, నడుం తిప్పినప్పుడో, లేదంటే బోనస్ అనే అదనపు పాయింట్ కోసం కాలు చాపినప్పుడో మీ టైమ్ వస్తుంది. ఈ మూడోది కొంచెం వివరంగా చెప్పాలి. బాక్ లైన్ అవతల ఉండే బోనస్ గీత దాటి ఒక కాలు వేసి, రెండో కాలు గాల్లోకి లేపితేనే బోనస్. అంటే ఆ అర సెకను వాడి బరువంతా ముందు కాలి మీదే ఉంటుంది, ఎక్కడికీ ఉరకలేడు. అప్పుడు ఆ నేల మీదున్న కాలి చీలమండను రెండు చేతులతో పట్టి మీ వైపు లాక్కోండి, గడ్డం ఛాతీకి ఆనించి, తల వాడి మోకాలికి బయటి వైపు పెట్టండి. మోకాలికి ఎదురుగా తల పెట్టి నేను ఒకసారి ముందు పన్ను విరగ్గొట్టుకున్నా, ఇప్పటికీ చల్లనీళ్లు తాగితే జివ్వుమంటుంది. జెర్సీయో జుట్టో చేతికొస్తే అది పట్టు కాదు, వదిలేయండి.

కాలు దొరికిందంటే పని అయిపోయినట్టు కాదు. ఉరికే రైడర్ కాలు మీ చేతిలో ఉండగానే ముందుకు పడి చెయ్యి చాపి మధ్య గీత అందుకుంటాడు. అందుకని కవర్ వెనక నుంచి కాదు, వాడికీ మధ్య గీతకూ నడుమ అడ్డంగా రావాలి, ఛాతీతో ఆపాలి. ఒకడు లాగాలి, ఒకడు అడ్డుకోవాలి, మూడోవాడు తొడలు పట్టాలి. మిగతా నలుగురు దూరంగా ఉండండి బాబూ, అందరూ మీద పడితే వాడు గీత అందుకున్నాక లెక్కకు అందరూ ఔటే.

డాలస్‌లో ఉండే మా చిన్నాయన కొడుకు ఒకసారి అమెరికన్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ మ్యాచ్ ఫోన్లో చూపించాడు. అక్కడా ఇదే లెక్క. బంతి విసరాల్సిన క్వార్టర్‌బ్యాక్ ఉరికే రకమైతే, రెండు అంచులలో ఉన్నవాళ్లు వాడి మీద పడిపోకుండా బయటి దారి మూసి ఉంచుతారు, వెనక ఒకడు వాడినే కనిపెట్టుకుని ఉంటాడు. మన దాంట్లో తేడా ఏంటంటే బయటి దారి మూయక్కర్లేదు, కోర్టుకు రెండు పక్కలా ఉండే లాబీ అనే పట్టీ గీతే మనకు ఎనిమిదో మనిషి. ఎవరికీ తగలకుండా వాడు లాబీలో కాలు పెడితే ఔట్. నడుమ వదిలి అంచు వైపు తోలుకుపోండి, అక్కడ వాడికి తప్పించుకోవడానికి ఒక్కటే పక్క. ఒక్కసారి తగిలిందంటే మాత్రం లాబీ కూడా ఆటలోకి వస్తుంది, అప్పుడు నెట్టాలంటే లాబీ బయటిదాకా నెట్టాలి.

చాలామంది మర్చిపోయేది ఇంకోటి. వాడిని ఆపడానికి మంచి ఉపాయం వాడిని బయట కూర్చోబెట్టడం, మీ రైడర్ పోయి వాడిని తగిలి ఔట్ చేయాలి. వాడు బయట ఉన్నంతసేపు వాళ్ల మిగతా రైడర్లకు బోనస్ ఇచ్చినా పర్లేదు, టచ్ ఇవ్వొద్దు, ఎందుకంటే బోనస్ పాయింట్‌కి ఔటైనవాళ్లెవరూ తిరిగి లోపలికి రారు, టచ్ పాయింట్‌కి వస్తారు. ఈ ఒక్క లెక్క పట్టుకుంటే వాడు ఐదారు నిమిషాలు బెంచీ మీదే ఉండొచ్చు.

మీరు ముగ్గురే మిగిలితే భయపడకండి. ఐదుగురు లేదా అంతకంటే తక్కువ ఉంటే బోనస్ లేదు, ప్రో కబడ్డీ పద్ధతిలో ముగ్గురో అంతకు తక్కువో ఉండి రైడర్‌ని పట్టేస్తే 2 పాయింట్లు. అలాగే వరుసగా రెండు కూతలు పాయింట్ లేకుండా ఖాళీ పోతే మూడోది డూ ఆర్ డై, ఖాళీగా పోతే ఔట్. ఊరి టోర్నమెంట్లలో ఇవి ఉంటాయో లేదో మ్యాచ్‌కి ముందే రిఫరీని అడగండి. ఉంటే, రెండు కూతలూ వెనక్కి జరిగి ఖాళీగా పంపి మూడోదానికి కాచుకోండి.

ఈ సంక్రాంతికి అదే టీమ్, అదే పిలగాడు, ఈసారి మా చెలక నేలలో. రెండు ఖాళీ పంపాం. మూడోదానికి వాడు లెఫ్ట్ కార్నర్ మీదికి వచ్చి చెయ్యి విసిరాడు, మావాడు కదల్లేదు, వాడు నడుం తిప్పాడు, అప్పుడు కదిలాడు. వాడు తప్పించుకోబోయి అంచుకు పోయాడు, కాలు లాబీలో పడిందా లేదా అని పావుగంట లొల్లి, ఎందుకంటే ముగ్గుతో వేసిన గీత అప్పటికే మా కాళ్ల కింద చెరిగిపోయింది. చివరికి ఆ కూత మళ్లీ ఆడించారు. హాఫ్ టైమ్‌లో గీతలు మళ్లీ వేయించుకోండి.