మీ పిల్లి సయామీసేనా? ఇలా చూడండి

చెవులు నల్లగా, కళ్లు నీలంగా కనబడితే చాలు, "మాది సయామీసే కదా?" అని నాకు ఫొటో పంపేస్తారు. ఏళ్లుగా వీటిని పెంచుతున్నదాన్ని కాబట్టి నేను చూసే వరస చెబుతాను.

పిల్ల మరీ పసిదైతే ఏమీ తేల్చకండి. సయామీస్ కూనలు దాదాపు తెల్లగా పుడతాయి. వీటికుండే ఒక జన్యువు వల్ల, ఒంట్లో రంగు తయారుచేసే ఎంజైము వేడి తగిలితే పనిచెయ్యదు. తల్లి కడుపు వెచ్చన కాబట్టి అక్కడ రంగు పట్టదు. పుట్టాక ఒంట్లో చల్లగా ఉండే చోట్ల, అంటే చెవులు, ముక్కు, పాదాలు, తోక మీద మెల్లగా ముదురుతుంది. ఆపరేషన్‌కి పొట్ట మీద బొచ్చు గీయించాక అక్కడ నల్లగా మొలిస్తే కంగారుపడకండి, బొచ్చు లేక చర్మం చల్లబడిందంతే. తర్వాత రాలి మళ్లీ మొలిచేటప్పుడు మామూలు రంగుకి వస్తుంది. కళ్లదీ ఇదే సంగతి: పసికూనలన్నిటికీ నీలమే. రెండు మూడు నెలలు దాటాకా నీలంగానే ఉన్నాయా అన్నది చూడాలి.

ఇవన్నీ కుదిరినా జాతి తేలదు. బర్మన్, హిమాలయన్, రాగ్‌డాల్ పిల్లులకీ ఇవే రంగులు, ఇవే కళ్లు. బొచ్చు పొడుగ్గా ఉంటే సయామీస్ కానట్టే.

ఇక ముఖం. ఇక్కడే చరిత్ర తెలియాలి. సయాం అంటే ఇప్పటి థాయిలాండ్. అక్కడి 'తమ్రా మేవ్' అనే పాత రాతప్రతుల్లో ఈ పిల్లి బొమ్మ విచియన్‌మాత్ అన్న పేరుతో ఉంది. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో సయామీస్ పిల్లుల్ని చూపించారు. 1884లో బ్యాంకాక్‌లోని బ్రిటిష్ కాన్సుల్ గౌల్డ్ ఫో, మియా అనే జంటను ఇంగ్లండ్‌లో ఉన్న తన తోబుట్టువుకి తెచ్చిచ్చాడు. అమెరికాకి అంతకుముందే ఒకటి చేరింది: అధ్యక్షుడు హేస్ ఇంటికి, 1878లో బ్యాంకాక్‌లోని అమెరికా కాన్సుల్ సికిల్స్ పంపినది.

అప్పటి పిల్లులు గుండ్రటి తలతో, దిట్టంగా ఉండేవి. సన్నటి ఒళ్లు, కోసుగా దిగే ముఖం, చేటల్లాంటి చెవులు 20వ శతాబ్దం రెండో సగంలో పెంపకందారులు తరతరానికీ ఏరి ఏరి తెచ్చినవి. నాకైతే పాత రూపమే ఇష్టం. కాబట్టి మీ పిల్లిది గుండ్రటి ముఖమైతే నకిలీ అనుకోకండి. ఆ పాత రూపాన్నే ఇప్పుడు థాయ్ అనే వేరే జాతిగా నమోదు చేస్తున్నారు.

తోక కొస వంకర, మెల్లకన్ను ఉంటేనే అసలుదని నమ్మబలికేవాళ్లుంటారు. రాజకుమారి స్నానానికి వెళ్తూ ఉంగరాలు తోకకి తగిలించిందని, అవి జారకుండా పిల్లి తోక వంచిందని కథ కూడా చెబుతారు. నిజానికి తొలినాళ్ల సయామీస్‌లలో ఆ రెండూ మామూలే, తర్వాత లోపాలుగా ఎంచి తగ్గించేశారు. మెల్లకన్నుకి కారణం కూడా రంగుని ఆపే ఆ జన్యువే. కంటి నుంచి మెదడుకి వెళ్లే నరాల దారి దానివల్ల మారుతుంది.

చివరికి అడగాల్సింది వంశావళి కాగితం. జన్యు పరీక్ష చేయించామని చూపిస్తే, దేనికి చేయించారో అడగండి. రంగు జన్యువు ఒక్కదానికే అయితే, హిమాలయన్ పిల్లికీ అదే ఫలితం వస్తుంది.